పల్నాటి యుద్ధం పిల్లలకి చూపించొచ్చా? చీకటి క్లాసిక్‌లు, ఫ్యామిలీ యానిమేషన్: అపోహలు - వాస్తవాలు

విజయవాడలోనో గుంటూరులోనో యానిమేషన్ కోర్సు పూర్తిచేసి, సొంత కథ చేతపట్టుకున్న కుర్రాళ్ళు మామూలుగా రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తారు. పాత కావ్యమో నవలో తీసుకుని అందులో చావులన్నీ కోసేస్తారు. లేదంటే "ఇది పెద్దల యానిమేషన్ సార్" అంటూ ఫ్రేమంతా రక్తం పులుముతారు. రెండూ స్టోరీబోర్డు (కథని బొమ్మల వరసగా గీసే) దశలోనే దెబ్బతింటాయి. ఉదాహరణకి మన ప్రాంతపు కథనే, పల్నాటి వీరచరిత్రనే, పెట్టుకుని చూద్దాం.

అపోహ: భయంకరమైనవన్నీ తీసేస్తే పిల్లల సినిమా అవుతుంది.

వాస్తవం: వర్ణన తీసేయొచ్చు. కారణం తీసేస్తే క్లైమాక్స్ కూలిపోతుంది. మూలకథ చదివేటప్పుడే నాలుగు గళ్ళ పట్టిక ఒకటి గీయండి: ఏం జరిగింది, దానివల్ల కథ ఎటు కదిలింది, ఎవరి కంటపడింది, ఆ తర్వాత ఎవరు మారారు. రెండో గడి ఖాళీగా ఉన్న క్రూరత్వం ఏదైనా మొహమాటం లేకుండా తీసేయొచ్చు. రెండో గడి నిండితే మాత్రం ఆ సంఘటన ఉండాల్సిందే, రూపం మార్చుకోండి.

పల్నాటి కథలో కోడిపోరు ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలి పోవాలి. కాబట్టి పోరు ఉండాలి. కాళ్ళకి కత్తి కట్టే క్లోజప్ అక్కర్లేదు, గుమిగూడిన మొహాలూ లేచిన ఈకలూ చాలు. రాయబారానికి వెళ్ళిన అలరాజుకి విషం పెట్టడమే యుద్ధానికి నిప్పు, అదీ ఉండాలి. అతని భార్య పేరమ్మ సహగమనం దగ్గర ఆగి ఆలోచించాలి. సతిని గొప్పగా చూపడం 1987 నాటి చట్టం ప్రకారం నేరం. కథలో ఆ సీను చేసే పని నష్టం ఎంతటిదో చెప్పడమే గనక వేరే పనితో చెప్పించొచ్చు. అతని తలపాగా మడతపెడుతూ ఆమె మధ్యలో ఆగిపోయినా చాలు. (ఖాళీ జీనుతో గుర్రం ఇంటికి తిరిగొచ్చే షాట్ మాత్రం వద్దు. అది ఎప్పుడో అరిగిపోయింది.)

బాలచంద్రుడి తోడు అనపోతు తన ప్రాణం తానే తీసుకునే ఘట్టం ఇంకా జాగ్రత్తగా చూడాల్సిన చోటు. పిల్లల సినిమాలో రక్తం కంటే పెద్ద ప్రమాదం అనుకరణ. గద, రాక్షసుడు, అగ్నిపర్వతం ఇంట్లో దొరకవు. తాడు, మాత్రలు, తలుపు పడే పెట్టె దొరుకుతాయి. బ్రిటన్ సెన్సార్ బోర్డు పిల్లల సినిమాల్లో ఈ అనుకరణ సంగతిని ప్రత్యేకంగా చూస్తుంది కూడా. ఇటలీ రచయిత కొలోడి రాసిన పినోకియోకి ఏమైందో చూడండి. 1881లో పత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు, 15వ అధ్యాయంలో కొయ్యబొమ్మని చెట్టుకి ఉరేసి కథ ముగించేశాడు. పాఠకుల ఒత్తిడితో మళ్ళీ మొదలై 1883లో పుస్తకమైంది. 1940 డిస్నీ సినిమాలో ఉరి లేదు. కానీ పిల్లలు గాడిదలుగా మారుతూ "అమ్మా" అని అరిచే సీను ఉంది. ఉరి కంటే ఎక్కువ వణికించేది అదే, అయినా ఏ పిల్లాడూ ఇంట్లో చేసి చూడలేడు. భయం మిగిలింది, ప్రమాదం పోయింది. మీ పట్టికలో ఐదో గడి కావాలంటే "పిల్లలు ఇంట్లో చేసి చూడగలరా?" అన్నది పెట్టుకోండి.

పల్నాటి కథలో అసలు నిధి బొంగరం. బాలచంద్రుడు విసిరిన బొంగరం ఒకావిడ కాలికి తగులుతుంది. ఆవిడ దెప్పిపొడిస్తే గానీ పెద్దవాళ్ళ యుద్ధం సంగతి అతనికి తెలియదు. పిల్లల చూపు కావ్యంలోనే ఉంది, బయటినుంచి తెచ్చి అతికించనక్కర్లేదు.

అపోహ: చావుని తెరమీద చూపకపోతే పిల్లలు భయపడరు.

వాస్తవం: చూపకపోవడం భయాన్ని తగ్గించదు, ఒక్కోసారి పెంచుతుంది. జింకపిల్ల కథ బాంబీలో (1942) తల్లి చావు తెరమీద లేదు, తుపాకి చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. తర్వాత మంచులో పిల్ల వెతుకులాట. అయినా ఎనభై ఏళ్ళుగా జనం గుర్తుపెట్టుకున్నది ఆ సీనునే. ఆ నిగ్రహం సినిమావాళ్ళు కనిపెట్టిందీ కాదు. దానికి మూలమైన 1923 నాటి సాల్టెన్ నవల్లోనూ తల్లి పడిపోవడం చూపించరు, బాంబీ ఆమెని మళ్ళీ చూడలేదని చెప్పి అధ్యాయం ముగుస్తుంది.

పిల్లల్ని నిలబెట్టేది చావు తర్వాతి షాట్లు. ఎవరు దగ్గరికొచ్చారు? ఎవరి చెయ్యి పట్టుకున్నారు? సెకనుకి 24 ఫ్రేములు. ఆ క్షణం తర్వాత 4 సెకన్ల నిశ్శబ్దం అంటే 96 ఫ్రేములు, రెండేసి ఫ్రేములకో బొమ్మ చొప్పున 48 బొమ్మలు. యానిమాటిక్ (స్టోరీబోర్డు బొమ్మల్ని టైమింగ్ ప్రకారం పేర్చిన ముడి వీడియో) పొడవు తగ్గించమనగానే ఎడిటర్ కత్తెర మొదట పడేది ఇక్కడే. అది పొరపాటు. జుట్టు, గుడ్డ, ఊపిరి మాత్రమే కదిలే మూవింగ్ హోల్డ్ సినిమా మొత్తంలో చవకైన షాట్. పొడవు తగ్గించాలంటే ముప్ఫై మంది సైనికులున్న కారెంపూడి యుద్ధం షాట్లో 4 సెకన్లు కొయ్యండి, డబ్బూ మిగులుతుంది.

మన హాళ్ళలో ఇంటర్వెల్ ఒకటుంది. చావు మీద "విశ్రాంతి" కార్డు వేస్తే మాస్ సినిమాకి చప్పట్లు పడతాయి. పిల్లలకైతే ఆ పావుగంట ఏ ఓదార్పూ లేకుండా గడుస్తుంది. కొందరు తల్లిదండ్రులు పాప్‌కార్న్ పొట్లంతో సహా ఇంటికి పోతారు. ఓదార్పు సీను అయ్యాకే ఇంటర్వెల్ వెయ్యండి.

ఇంకొకటి: ముందే తెలిసిన చావు తక్కువ భయపెడుతుంది. 2025లో మహావతార్ నరసింహకి చంటిపిల్లల్ని ఎత్తుకుని కుటుంబాలు వెళ్ళాయంటే, హిరణ్యకశిపుడి గతి నానమ్మ నోట ఎప్పుడో విన్నదే కావడం ఒక కారణం. అలరాజు గతి ఇవాళ్టి పిల్లలకి తెలియదు. అందుకని మొదటి పది నిమిషాల్లోనే కథకుడి నోటనో పాటలోనో సూచన పడాలి.

అపోహ: పక్కన ఒక కమెడియన్ని పెడితే బరువు దిగిపోతుంది.

వాస్తవం: ఎక్కడ పెడతారన్నదే లెక్క. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడూ బంగారక్కా ఎంత మోటు హాస్యం చేసినా, అది ఒక ఘట్టానికీ ఇంకో ఘట్టానికీ మధ్య ఖాళీలో. బుర్రకథలోనూ అంతే, హాస్యం చెప్పే వంతకి ఎక్కడ నోరు మూసుకోవాలో తెలుసు. గుంటూరు పక్కన పొన్నెకల్లు నుంచి వచ్చిన నాజర్ పల్నాటి యుద్ధం చెప్పిన కళ అది. యానిమేషన్‌లో విదూషకుడు తరచుగా బొమ్మలు అమ్మడానికి పుడతాడు, అందుకే విషాదం మధ్యలోకి తోసుకొస్తాడు. హ్యూగో 1831 నవల ఆధారంగా 1996లో వచ్చిన డిస్నీ సినిమా "ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్‌డామ్"లో మాట్లాడే రాతిబొమ్మల మీద విమర్శ ఇదే. అదే సినిమాలో విలన్ తన కోరికకీ పాపభీతికీ మధ్య నలిగే పాట ఎంత గట్టిగా ఉందో చూస్తే, పక్కన ఈ జోకులు ఎందుకా అనిపిస్తుంది. చీకటి ఘట్టం నడుస్తున్నంతసేపూ, అది ముగిశాక కనీసం అర నిమిషం పాటూ జోకు వద్దు. విదూషకుడు కూడా ఆ ఘట్టంలో భయపడాలి. వాడు భయపడకపోతే ప్రమాదం ఉత్తుత్తిదని పిల్లలు పసిగట్టేస్తారు.

అపోహ: బొమ్మల సినిమా కదా, యూ (అందరూ చూడొచ్చనే) సర్టిఫికెట్ గ్యారంటీ.

వాస్తవం: కాదు. సినిమా ఎలా తీశారన్నది సెన్సార్ బోర్డు చూడదు, తెరమీద ఏముందో చూస్తుంది. 2023 చట్ట సవరణ తర్వాత యూఏ (పెద్దల మార్గదర్శనంతో పిల్లలు చూడొచ్చనే సర్టిఫికెట్) మూడు ముక్కలైంది: 7+, 13+, 16+. మనకి ప్రాంతీయ కార్యాలయం హైదరాబాదులో, దరఖాస్తు ఈ-సినీప్రమాణ్ పోర్టల్లో. డబ్బింగ్ వెర్షన్‌కి విడిగా సర్టిఫికెట్ తీసుకోవాలి. బొమ్మలని చూసి మోసపోవడం బోర్డులకీ జరుగుతుంది. కుందేళ్ళ కథ వాటర్‌షిప్ డౌన్‌కి 1978లో బ్రిటన్ యూ ఇచ్చింది. రక్తసిక్తమైన ఆ సినిమాని పీజీకి (పెద్దల మార్గదర్శనం అవసరమనే మెట్టుకి) మార్చింది 2022లో. స్క్రిప్టు దశలోనే ఏ మెట్టు కావాలో తేల్చుకోండి. పూర్తయిన షాట్ కోయడం యానిమేషన్‌లో నెలల పని కోయడం.

అపోహ: ముగింపు మారిస్తే మూలానికి ద్రోహం.

వాస్తవం: మూలరచయితలే మార్చారు. కొలోడి సంగతి పైన చెప్పాం. గ్రిమ్ సోదరుల 1812 సంకలనంలో స్నోవైట్‌ని చంపించబోయింది కన్నతల్లి, తర్వాతి కూర్పులో సవతితల్లి అయింది. మార్పుకి కారణం కథలోపలే దొరకాలి, అంతే.

అపోహ: చీకటి సీను చీకటిగానే ఉండాలి.

వాస్తవం: మానిటర్‌లో కనిపించిన నీలి నీడ హాల్లో బురద అవుతుంది. థియేటర్ తెరకి ప్రమాణం 14 ఫుట్-లాంబర్ట్‌లు, అంటే చదరపు మీటరుకి 48 క్యాండెలాలు. మీ మానిటర్ దానికి రెండింతలో అంతకంటే ఎక్కువో వెలుగుతుంది. ప్రొజెక్టర్ ల్యాంపు పాతబడిన హాల్లో ఆ 48 కూడా రాదు. త్రీడీ అయితే ఇంకా తక్కువ. కలర్ స్క్రిప్టుని (ఏ సీనుకి ఏ రంగులో చూపే బొమ్మల వరసని) నలుపు-తెలుపు చేసి, గోరంత సైజుకి కుదించి చూడండి. పాత్ర ఆకారం నేపథ్యం నుంచి విడిపోకపోతే అంచుకి వెలుగు ఇవ్వండి, లేదా నేపథ్యాన్ని తేలిక చేసి పాత్రని నల్లటి ఆకారంగా ఉంచండి. ఇదే సినిమా రేపు పగటిపూట, కిటికీ తెరిచిన ఇంట్లో టీవీలో కూడా ఆడాలి.

అపోహ: పిల్లలకి వేసి చూపించి "నచ్చిందా?" అంటే టెస్ట్ స్క్రీనింగ్ అయిపోయినట్టే.

వాస్తవం: పిల్లలు మర్యాదకి అవునంటారు, అమ్మ పక్కనుంటే మరీను. 6-8 ఏళ్ళవాళ్ళనీ 9-12 వాళ్ళనీ వేర్వేరుగా, పదిహేను మంది చొప్పున కూర్చోబెట్టండి. రంగులు పడకముందే, యానిమాటిక్ స్క్రాచ్ (తాత్కాలిక) డైలాగులతో ఉండగానే చూపించండి, మార్చడానికి అప్పుడే వీలు. ఒక కెమెరా వాళ్ళ మొహాల మీద పెట్టి, టైమ్‌కోడ్‌తో కలిపి చూడండి (ముందు తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తీసుకోండి). చెవులు మూసుకుంటే శబ్దం ఎక్కువైంది. కళ్ళు మూసుకుని వేళ్ళ సందుల్లోంచి చూస్తుంటే సీను పనిచేస్తోంది. నీళ్ళకి లేస్తే అర్థం కాలేదు. మే నెల మధ్యాహ్నం బెజవాడ ఎండలోంచి తెచ్చి ఏసీ హాల్లో కూర్చోబెడితే నిద్రపోతారు, ఆ కునుకుని సినిమా ఖాతాలో రాయకండి. వారం తర్వాత కథ చెప్పమనండి. చావు దగ్గరికొచ్చి ఆపేసిన పిల్లలు ఎక్కువగా ఉంటే, తర్వాతి సీను బోర్డు మళ్ళీ వెయ్యాలి.