ఫ్రీ గేమ్స్ పంచితే స్టోర్ నిలబడుతుందా? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

నేను ఒక చిన్న గేమ్ స్టూడియోలో పబ్లిషింగ్ పని చూస్తాను. గేమ్ తయారయ్యాక ఏ స్టోర్‌లో పెట్టాలి, ఎంతకు పెట్టాలి, సేల్ ఎప్పుడు పెట్టాలి అనే బేరాలన్నీ నా నెత్తిమీదే ఉంటాయి. నా పని ఇదని తెలియగానే అందరూ అడిగేది ఒకటే: "ఎపిక్ వాళ్లు వారం వారం గేమ్స్ ఊరికే ఇచ్చేస్తున్నారు కదా, వాళ్లకేంటి లాభం?" ఎపిక్ కంపెనీది పీసీ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్, స్టీమ్ దానికంటే పాతదీ పెద్దదీ అయిన పోటీ స్టోర్. అడిగినవాళ్లలో కొందరు ఆ స్టోర్ ఇవాళో రేపో మూతపడుతుందంటారు, ఇంకొందరు ఇక స్టీమ్ పని అయిపోయినట్టే అంటారు. నాకైతే రెండూ నిజం కావనిపిస్తుంది.

అపోహ: ఫ్రీగా ఇస్తే గేమ్ చేసినవాళ్లకు పైసా రాదు

వస్తుంది. మామూలుగా స్టోరే ముందుగా ఒక మొత్తం మాట్లాడుకుని డెవలపర్‌కి కట్టేస్తుంది, ఆ తర్వాత ఎంతమంది తీసుకున్నా అది స్టోర్ తలనొప్పి. 2021లో ఎపిక్, ఆపిల్ కోర్టుకెక్కినప్పుడు ఈ లెక్కలు కొన్ని బయటపడ్డాయి. 2018 డిసెంబర్‌లో స్టోర్ తెరిచి మొట్టమొదట ఊరికే ఇచ్చిన సబ్‌నాటికా అనే గేమ్ కోసం ఎపిక్ కట్టింది 14 లక్షల డాలర్లు. మొదటి తొమ్మిది నెలల్లో ఇచ్చిన గేమ్స్ అన్నిటికీ కలిపి అయిన ఖర్చు సుమారు 1.16 కోట్ల డాలర్లు.

అపోహ: అయితే అదంతా స్టోర్‌కి శుద్ధ దండగ

అదే తొమ్మిది నెలల్లో ఈ ఫ్రీ గేమ్స్ వల్ల కొత్తగా చేరిన అకౌంట్లు దాదాపు 50 లక్షలు. భాగించి చూడండి, ఒక్కో మనిషికి రెండు డాలర్ల చిల్లర. ప్రకటనలకు డబ్బు తగలేసి ఒక్క కొత్త అకౌంట్ తెచ్చుకోవడానికి ఎన్ని తిప్పలు పడాలో తెలిసినవాళ్లెవరూ దీన్ని దండగ అనరు. కాబట్టి మనుషుల్ని గుమ్మం దాకా రప్పించడానికి ఫ్రీ గేమ్ పనికొస్తుంది, అందులో నాకు అనుమానం లేదు. గొడవంతా ఆ తర్వాతే.

అపోహ: క్లెయిమ్ చేసినవాడు కస్టమర్ అయినట్టే

క్లెయిమ్ అంటే ఫ్రీ గేమ్‌ని తన అకౌంట్‌లో వేసుకోవడం. నేను కాస్త ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది దీని గురించే, ఎందుకంటే మా స్టూడియో కూడా ఇందులోనే పప్పులో కాలేసింది.

ఎపిక్ ఏటా తనే ప్రకటించే అంకెలు తీసుకోండి. 2019 చివరికి పీసీ మీద వాళ్ల కస్టమర్లు 10.8 కోట్లు, 2024కి 29.5 కోట్లు, అంటే దాదాపు మూడింతలు. మరి వేరే కంపెనీల గేమ్స్ మీద ఆ జనం పెట్టిన ఖర్చో? 2019లో 25.1 కోట్ల డాలర్లు, 2024లో 25.5 కోట్లు. మధ్యలో 2022లో 35.5 కోట్ల దాకా ఎక్కి మళ్లీ దిగింది. 2019లో బోర్డర్‌ల్యాండ్స్ 3 లాంటి పెద్ద గేమ్ పీసీలో ముందు అక్కడే దొరికింది కాబట్టి ఆ ఏడాది అంకె కొంచెం ఉబ్బి ఉందనుకున్నా సరే, ఆ అయిదేళ్లలో జనం మూడింతలై గల్లాపెట్టె ఉన్నచోటే ఉండిపోయిందంటే వచ్చినవాళ్లలో చాలామంది సంచీ నింపుకుని వెళ్లిపోయారనేగా. 2024 ఒక్క ఏడాదిలోనే 59.5 కోట్ల ఫ్రీ గేమ్ క్లెయిమ్‌లు జరిగాయి. ఫ్రీగా వస్తే ఫినాయిల్ కూడా తాగుతారనే మాట మనకి ఊరికే రాలేదు.

ఇక మా సంగతి. ఒక స్టోర్ వాళ్లు మా గేమ్‌ని ఒక వారం ఫ్రీగా పెడతామన్నారు, ఒప్పుకున్నాం. మొదటి రాత్రి ఎవరం పడుకోలేదు, అందరం ఒకే స్క్రీన్ ముందు కూర్చుని క్లెయిమ్‌ల అంకె పెట్రోల్ బంకు మీటరులా తిరుగుతుంటే చూస్తూ టీలు తాగాం. మూడో రోజు నేను పక్కనున్న ఇంకో అంకె చూశాను, అసలు ఇన్‌స్టాల్ చేసి తెరిచినవాళ్లది. టీ చల్లారిపోయింది. తెరిచినవాళ్లలో మొదటి లెవల్ దాటినవాళ్లు ఇంకా తక్కువ. డబ్బు పెట్టి కొన్న గేమ్‌ని మనిషి కనీసం రెండు గంటలు ఓపిగ్గా ఆడతాడు, ఊరికే వచ్చినదాన్ని పది నిమిషాల్లో పక్కన పడేస్తాడు, పైగా "బోర్" అని రివ్యూ కూడా రాస్తాడు.

ఆ వారం సపోర్ట్‌కి వచ్చిన ఒక మెయిల్ మాత్రం నాకు అన్ని అంకెలకంటే ఎక్కువ నేర్పింది. "గేమ్ చాలా నచ్చింది, ఫ్రీగా ఇచ్చినందుకు థ్యాంక్స్. మీకు వీలైతే స్టీమ్ కీ ఒకటి ఇస్తారా? లేకపోతే అక్కడ మళ్లీ కొనుక్కుంటాను, నా గేమ్స్ అన్నీ అక్కడే ఉన్నాయి." కీ అంటే స్టీమ్‌లో ఆ గేమ్‌ని తన లైబ్రరీలో చేర్చుకునే కోడ్. అది దొరక్కపోతే, ఊరికే వచ్చిన గేమ్‌ని ఇంకోచోట డబ్బులిచ్చి కొంటానంటున్నాడు! మొదట నవ్వుకున్నాం, తర్వాత ఆ వారం లెక్కలు తీసి చూస్తే మా స్టీమ్ పేజీలో విష్‌లిస్టులు, అంటే తర్వాత కొందామని గేమ్‌ని గుర్తుపెట్టుకున్నవాళ్ల లెక్క, నిజంగానే పెరిగాయి. ఒక స్టోర్ డబ్బులు కట్టి మా గేమ్‌ని ఊరికే పంచితే, ప్రచారం లాభం వేరే స్టోర్‌కి పోయిందన్నమాట.

అపోహ: ఇంకొన్నేళ్లు ఇలాగే పంచితే స్టీమ్ పడిపోతుంది

ఇది కొత్త ఉపాయం కాదు. ఈఏ కంపెనీ తన ఆరిజిన్ స్టోర్‌లో 2014లోనే డెడ్ స్పేస్‌తో మొదలుపెట్టి గేమ్స్ ఊరికే ఇచ్చింది. 2019లో ఆ కంపెనీయే తన కొత్త గేమ్స్ పట్టుకుని మళ్లీ స్టీమ్‌కి వచ్చింది. స్టీమ్ కూడా మొదట్లో జనం ప్రేమించి వాడిందేం కాదు, 2004లో హాఫ్-లైఫ్ 2 ఆడాలంటే స్టీమ్ పెట్టుకోక తప్పదు కాబట్టి తిట్టుకుంటూ పెట్టుకున్నారు. తర్వాతే ఫ్రెండ్స్ లిస్టు, రివ్యూలు, సేల్స్, రిఫండ్, మోడ్స్ (ఆడేవాళ్లే గేమ్‌కి చేసే మార్పులు) అన్నీ ఒక్కొక్కటే వచ్చి చేరాయి, అలవాటు పాతుకుపోయింది. పదేళ్ల లైబ్రరీని వదిలి వేరే చోటికి వెళ్లడమంటే సొంతిల్లు వదిలి అద్దెకు వెళ్లినట్టే ఉంటుంది.

అవతల ఎపిక్ స్టోర్‌లో షాపింగ్ కార్ట్ వచ్చింది ఎప్పుడనుకున్నారు? 2021 డిసెంబర్‌లో. తెరిచిన మూడేళ్లకి! అప్పటిదాకా సేల్‌లో నాలుగు గేమ్స్ కొనాలంటే నాలుగుసార్లు పేమెంట్ చేయాల్సిందే. 2020 మేలో జీటీఏ 5 ఊరికే ఇచ్చిన రోజు జనం ఎగబడి సైట్ గంటల తరబడి పనిచేయలేదు, ఆ తాకిడిలో వచ్చినవాళ్లకి ఆ రోజు లోపల కార్ట్ కూడా లేదు. డబ్బు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నవాడికి పని కష్టం చేసి, ఇవ్వనివాడికి ఎర్ర తివాచీ పరిస్తే ఎలా? స్టోర్ తెరిచినప్పుడు కమీషన్ 12 శాతమే అని గొప్పగా చెప్పారు, స్టీమ్‌ది మామూలుగా 30. మాలాంటి డెవలపర్లకి అది నిజంగా మంచి మాటే, కానీ రెండు చోట్లా ధర ఒకటే అయినప్పుడు ఆడేవాడికి దానితో ఏం పని?

అపోహ: ఒకసారి ఊరికే ఇస్తే ఆ గేమ్ ఇక అమ్ముడుపోదు

గేమ్‌ని బట్టి ఉంటుంది. నాలుగు గంటల్లో అయిపోయే కథ గేమ్ అయితే దెబ్బే. మల్టీప్లేయర్ అయితే జనమే దానికి ప్రాణం కాబట్టి పంచడం లాభమే. 2021 జనవరిలో స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2ని 1.9 కోట్ల మందికి పైగా తీసుకున్నారు, అప్పటికి మూడేళ్లు దాటిన గేమ్ అది. కాకపోతే అంత జనం ఒక్కసారి మీద పడితే సర్వర్లు తట్టుకోవాలి మరి.

ఇప్పుడెవరైనా స్టోర్ వాళ్లు ఫ్రీ ఆఫర్‌తో వస్తే నేను ముందు మూడు అడుగుతాను: డబ్బు ఏ తేదీన అకౌంట్‌లో పడుతుంది, క్లెయిమ్‌లతో పాటు తెరిచినవాళ్ల లెక్క కూడా మాకు ఇస్తారా, ఆ వారం మా డీఎల్‌సీ (గేమ్‌కి విడిగా అమ్మే అదనపు భాగం) పేజీకి లింక్ ఎక్కడ పెడతారు. మొన్న ఒకాయన మూడో ప్రశ్న విని "డీఎల్‌సీ ఉందా మీకు?" అన్నాడు. లేదు. అందుకే ఇప్పుడు అదే చేస్తున్నాం, అది పూర్తయ్యేదాకా ఆ ఒప్పందం మీద సంతకం పెట్టేది లేదు.