మోటారా, పైపా?

మా బాబాయికి 71 ఏళ్ళు. షుగర్ వచ్చి 20 ఏళ్ళయింది. రాత్రి నాలుగైదుసార్లు లేస్తాడు. బాత్రూంలో ఎంతసేపు నిలబడ్డా ధార సన్నగా, ఆగి ఆగి వస్తుంది. స్కానింగ్‌లో ప్రోస్టేట్ గ్రంథి పెరిగిందని తేలింది. ఇక ఆపరేషనే అనుకుని బ్యాగు కూడా సర్దేశాక, డాక్టర్ గారు "ముందు యూరోడైనమిక్ టెస్ట్ చేయిద్దాం" అన్నారు. మూత్రాశయం ఎంత ఒత్తిడితో పనిచేస్తోందో కొలిచే పరీక్ష అది. దానికి రెండు సన్నని పైపులు పెడతారని తెలిసింది. మూత్రనాళంలో ఒకటి, సరే. రెండోది ఎక్కడో విన్నాక బాబాయి ఆ పూట భోజనం కూడా సరిగా చేయలేదు.

ఆ రెండో పైపు మలద్వారంలో పెట్టేది. అందరూ అసహ్యించుకునే ఆ పైపు లేకపోతే ఈ పరీక్షకి అర్థమే లేదని నాకు తర్వాత తెలిసింది.

ఇంట్లో కుళాయి నీళ్ళు సన్నగా వస్తే ప్లంబర్‌కి వచ్చే అనుమానాలు రెండే. మోటారు తోయడం లేదా, లేక పైపు పూడిందా? కుళాయి దగ్గర నిలబడి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. మూత్రం సంగతీ అంతే. మూత్రాశయం గోడ ఒక కండరం, అది మోటారు. కింద మూత్రనాళం పైపు, మగవాళ్ళలో దాని చుట్టూ ప్రోస్టేట్. ఆ గ్రంథి పెరిగి నాళాన్ని నొక్కినా ధార తగ్గుతుంది, ఏళ్ళ తరబడి షుగర్‌తో నరాలు దెబ్బతిని కండరం నీరసించినా తగ్గుతుంది. బాబాయికి రెండు కారణాలూ ఉన్నాయి. ప్రోస్టేట్ ఎంత పెరిగిందో స్కానింగ్ చెబుతుంది కానీ, మోటారు ఎంత బలంగా తోస్తోందో చెప్పలేదు.

పరీక్షకి ముందు చేసుకోవాల్సినవి పెద్దగా లేవు. మూడు రోజులపాటు ఎన్ని నీళ్ళు తాగారో, ఎన్నిసార్లు ఎంత మూత్రం పోశారో కొలిచి రాయమన్నారు. పాత స్టీలు గ్లాసుకి గీతలు పెట్టి బాబాయి ఆ లెక్క రాశాడు, పాల పద్దు రాసినంత శ్రద్ధగా. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో ముందే చూస్తారు. ఉంటే అది తగ్గేదాకా పరీక్ష వాయిదా. మూత్రాశయం మీద పనిచేసే మాత్రలు కొన్ని రోజుల ముందు ఆపమనవచ్చు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే తప్పకుండా చెప్పాలి. అయితే ఏ మాత్రనైనా ఆపడం, మానడం డాక్టర్ చెప్పాకే, సొంతంగా కాదు. మలబద్ధకం లేకుండా చూసుకోవాలి. సాధారణంగా ఉపవాసం అక్కర్లేదు, మత్తు ఇవ్వరు. మూత్రం కొంచెం నిండుగా ఉన్నప్పుడు రమ్మంటారు. చాలామంది ఖాళీ చేసుకుని వెళ్ళి అక్కడ గంటసేపు నీళ్ళు తాగుతూ కూర్చుంటారు. మేమూ అదే పని చేశాం.

మొదటి ఘట్టం తేలిక. గరాటులాంటి దానిలో మామూలుగా మూత్రం పోయాలి. కింద ఉన్న యంత్రం సెకనుకు ఎన్ని మిల్లీలీటర్లు పడుతున్నాయో గీత గీస్తుంది. మగవాళ్ళలో అత్యధిక వేగం 15 దాటితే సాధారణంగా బాగున్నట్టే, 10 లోపుంటే అనుమానించాలి. కనీసం 150 మిల్లీలీటర్లయినా పోస్తేనే ఆ లెక్క నమ్మదగ్గది. నిండుగా రమ్మనేది అందుకే. బాబాయికి 7 వచ్చింది. లోపల ఇంకా 200 పైగా మిగిలిపోయింది.

తర్వాత జెల్లీ రాసి పైపులు పెట్టారు. రెండు మిల్లీమీటర్ల మందం ఉంటాయేమో. మంట ఒక నిమిషం, ఆ తర్వాత సిగ్గే ఎక్కువ. సెలైన్ మెల్లగా లోపలికి ఎక్కిస్తూ, సిస్టర్ "అంకుల్, మొదటిసారి వెళ్ళాలనిపించినప్పుడు చెప్పండి" అంది.

మూత్రాశయం గొప్పతనం కనిపించేది ఇక్కడే. కిడ్నీలు మూత్రాన్ని నిమిషానికి ఒకటి రెండు మిల్లీలీటర్ల చొప్పున పంపుతూనే ఉంటాయి. సంచి 400, 500 మిల్లీలీటర్ల దాకా నిండుతుంది, అయినా లోపలి ఒత్తిడి పెద్దగా పెరగదు. గాలి నింపేకొద్దీ బిగుసుకునే సైకిల్ ట్యూబులా కాదు, నిండేకొద్దీ గోడ వదులవుతూ చోటిస్తుంది. మధ్యలో కండరం తనంతట తాను ముడుచుకుంటే తెర మీద ఒత్తిడి గీత ఎగురుతుంది. ఆపుకోలేక పరిగెత్తేవాళ్ళలో చాలామందికి జరిగేది అదే.

కానీ సంచిలో ఉన్న పైపు కొలిచేది కండరం ఒత్తిడి ఒక్కటే కాదు. దగ్గినా, ముక్కినా, కదిలినా పొట్ట సంచిని నొక్కుతుంది. ఆ నొక్కుడు ఎంతో మలాశయంలో ఉన్న రెండో పైపు చెబుతుంది. మొదటి అంకెలోంచి రెండోది తీసేస్తే కండరం సొంత బలం మిగులుతుంది. ఇంత పెద్ద యంత్రం చేసేది ఒకటో తరగతి తీసివేత. అది సరిగా జరుగుతోందో లేదో చూడ్డానికి "ఒకసారి దగ్గండి అంకుల్" అంటారు. బాబాయి దగ్గాడు. తెర మీద పై రెండు గీతలూ ఒక్కసారిగా సూదుల్లా లేచాయి, తీసివేత చూపే మూడో గీత కదలనే లేదు. రెండు పైపులూ ఒకే మాట చెబుతున్నాయన్నమాట. గంటలోపు అలా పదిసార్లయినా దగ్గించి ఉంటారు.

చివరి ఘట్టం అన్నిటికన్నా కష్టం. పైపులతోనే మూత్రం పోయాలి, పక్కన మనుషులుండగా. బాబాయికి ఎంతకీ రాలేదు. మాటలు, మనసులో ఆలోచనలు కూడా మూత్రాశయాన్ని కదిలిస్తాయని ఇటలీ శాస్త్రవేత్తలు మోస్సో, పెల్లకాని 1882లోనే ఒత్తిడి కొలిచి చూపించారు. కాబట్టి అక్కడ సిగ్గుపడి బిగుసుకుపోవడం చేతకానితనం కాదు, శరీరధర్మం. సిస్టర్ కుళాయి తిప్పి బయటికెళ్ళింది. నన్నూ వెళ్ళమంది. రెండు నిమిషాల్లో గీత కదిలింది.

ధార గరిష్ఠంగా ఉన్న క్షణంలో కండరం ఒత్తిడి ఎంతో చూసి, అందులోంచి ధార వేగానికి రెట్టింపు తీసేస్తారు. ఒత్తిడికి కొలత నీటి సెంటీమీటర్లు. మిగిలింది 40 దాటితే మూత్రనాళంలో అడ్డు ఉన్నట్టు, 20 లోపైతే లేనట్టు, మధ్యలో ఉంటే సందేహం. ఈ లెక్క మగవాళ్ళకే. సెకనుకు 7 మిల్లీలీటర్లు పోసేవాడి ఒత్తిడి 90 ఉంటే మిగిలేది 76. అంటే మోటారు చచ్చేట్టు తోస్తోంది, పైపు పూడింది. అదే 7 దగ్గర బాబాయి ఒత్తిడి 24. మిగిలింది 10.

పరీక్ష తర్వాత రెండు రోజులు కాస్త మంట, ఒకసారి లేత గులాబీ రంగు కనిపించాయి. అది మామూలేనని, నీళ్ళు బాగా తాగమని ముందే చెప్పారు. చలిజ్వరం వచ్చినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా మాత్రం వెంటనే రమ్మన్నారు. ఇన్‌ఫెక్షన్ కొద్దిమందికి వస్తుంది.

మూత్రం ఇబ్బంది ఉన్న ప్రతివాళ్ళకీ ఈ పరీక్ష అవసరం లేదు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళకీ, కొన్ని ఆపరేషన్ల ముందు కారణం తేలనప్పుడూ దీని విలువ తెలుస్తుంది.

వారం తర్వాత డాక్టర్ గారు కాగితం తిప్పి గీతలు చూపించారు. బాబాయి కళ్ళజోడు సర్దుకుని, "ఇంతకీ మోటారా, పైపా?" అన్నాడు.

"మోటారేనండి. పైపు వెడల్పు చేసినా ధార పెరుగుతుందన్న గ్యారంటీ లేదు."

ఇప్పుడు గడియారం చూసుకుని మూత్రానికి వెళ్తున్నాడు. మిగిలిపోయేదాన్ని రోజూ సన్నని గొట్టంతో తనే తీసేసుకోవడం నేర్చుకున్నాడు. ఆపరేషన్‌కని సర్దిన బ్యాగు ఆ రోజే విప్పేశాం.