మీ రాజ్యసభ ఎంపీ ఎటు ఓటేశారో చెప్పగలరా?

మా బాబాయి కొడుకు లా చదువుతున్నాడు. ఈమధ్య ఫోన్ చేసి, "అన్నా, రాష్ట్ర విభజన బిల్లుకు రాజ్యసభలో మన ఎంపీలు ఎవరెవరు అనుకూలంగా ఓటేశారు, ఎవరు వ్యతిరేకించారు, పేర్లతో లిస్టు ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాడు. కాలేజీలో ప్రాజెక్టు ఇచ్చారట. అంత పెద్ద బిల్లు, లిస్టు ఉండకుండా ఎలా ఉంటుంది, వెతికి పంపిస్తాలే అన్నాను. రెండు రోజులు వెతికాక తెలిసింది, అలాంటి లిస్టు లేదని. ఎవరూ పోగొట్టలేదు, ఎవరూ దాచలేదు, అసలు తయారే కాలేదు.

తేదీలు వరుసగా చూడండి. 2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో, బిల్లును తిరస్కరించాలని ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి పెట్టిన తీర్మానం మూజువాణి ఓటుతో, అంటే పేర్లు రాయకుండా గొంతుల బలం చూసి తేల్చే పద్ధతిలో, నెగ్గింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆగిపోయి ఉన్న సమయంలో అదే బిల్లు మూజువాణి ఓటుతో పాసైంది. రెండు రోజుల తర్వాత, ఫిబ్రవరి 20న, రాజ్యసభలో కూడా మూజువాణి ఓటే. ఒక సభ వద్దంది, రెండు సభలు సరే అన్నాయి, మూడుచోట్లా తుది నిర్ణయం దగ్గర సభ్యుల పేర్లు మాత్రం కాగితం మీద పడలేదు. తెలుగువాళ్ల జీవితాల్లో ఇంతకంటే పెద్ద చట్టం మన తరం చూడలేదు. కావాలని కొట్లాడినవాళ్లకీ, వద్దని కొట్లాడినవాళ్లకీ తమ ప్రతినిధి ఆ నిమిషంలో ఏం చేశాడో తెలుసుకునే హక్కు ఉంది. ఇది ఆంధ్రా, తెలంగాణ గొడవ కానే కాదు.

ఎవరేం మాట్లాడారన్నది మాత్రం రికార్డులో ఉంది. కేంద్రమంత్రిగా ఉంటూనే చిరంజీవి విభజనను తప్పుపడుతూ మాట్లాడితే, మంత్రి తన ప్రభుత్వ బిల్లునే ఎలా వ్యతిరేకిస్తాడని ప్రతిపక్షం అడ్డుకుంది. వెంకయ్యనాయుడు సీమాంధ్ర కోసం సవరణలు అడిగారు. ప్రధాని మన్మోహన్ సింగ్ ఐదేళ్ల ప్రత్యేక హోదాతో సహా హామీలు చదివారు. అయితే మాట వేరు, ఓటు వేరు. గంటసేపు తిట్టిపోసి చివర్లో బయటికి వెళ్లిపోయిన సభ్యుడూ ఉంటాడు, ఒక్క ముక్క మాట్లాడకుండా ఓటేసి వెళ్లే సభ్యుడూ ఉంటాడు.

మూజువాణి ఓటంటే ఏమిటో తెలిసిందే. అధ్యక్షస్థానంలో ఉన్నాయన "అనుకూలమైనవాళ్లు 'అవును' అనండి, వ్యతిరేకులు 'కాదు' అనండి" అంటారు, ఏ గొంతు పెద్దగా వినపడిందో ఆయనే తేలుస్తారు. దాన్ని ఎవరైనా ఒప్పుకోకపోతే డివిజన్ అడగొచ్చు. అప్పుడు గంట మోగుతుంది, బయట ఉన్నవాళ్లు పరుగెత్తుకొస్తారు, లాబీ తలుపులు మూస్తారు, ఎవరి సీటు దగ్గర వాళ్లు బటన్ నొక్కుతారు. బోర్డు మీద అంకెలు వస్తే ఛైర్మన్ "దిద్దుబాట్లకు లోబడి" అని ముందే చెప్పి ఫలితం చదువుతారు, ఎందుకంటే పొరపాటున నొక్కినవాళ్లు, మిషన్ పట్టుకోనివాళ్లు ఎప్పుడూ కొందరుంటారు. అనుకూలించినవాళ్ల పేర్లు, వ్యతిరేకించినవాళ్ల పేర్లు ఆ రోజు చర్చల ప్రతిలో విడివిడిగా అచ్చవుతాయి. డివిజన్ అనవసరంగా అడుగుతున్నారని అధ్యక్షుడికి అనిపిస్తే, లేచి నిలబడమని తలలు లెక్కపెట్టి తేల్చేసే వెసులుబాటు కూడా నిబంధనల్లో ఉంది, అలా చేస్తే పేర్లు రాయరు.

అంటే పేర్లతో రికార్డు దానంతటది రాదు, ఎవరో ఒకరు అడగాలి, అధ్యక్షుడు ఇవ్వాలి. ఒక్క రాజ్యాంగ సవరణ బిల్లు దగ్గరే ఈ బాధ ఉండదు, దానికి హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతులు, సభ మొత్తం సంఖ్యలో సగానికి పైన కావాలి కాబట్టి లెక్కపెట్టక తప్పదు. రాష్ట్రాన్ని విడదీయడానికి మాత్రం రాజ్యాంగంలోని 3వ అధికరణం కింద మామూలు చట్టం చాలు, మామూలు మెజారిటీ చాలు, దాన్ని రాజ్యాంగ సవరణగా చూడకూడదని 4వ అధికరణంలో స్పష్టంగా రాసి పెట్టారు. మా తమ్ముడు అడిగిన లిస్టు లేకపోవడానికి మూలం ఇక్కడుంది.

లెక్కపెడితే ఏమవుతుందో 1970 సెప్టెంబరు 5న రాజ్యసభ చూపించింది. పాత సంస్థానాల రాజుల భరణాలు రద్దు చేయడానికి ఇందిరాగాంధీ ప్రభుత్వం తెచ్చిన రాజ్యాంగ సవరణ బిల్లుకు అనుకూలంగా 149, వ్యతిరేకంగా 75 వచ్చాయి. మొత్తం 224లో మూడింట రెండు వంతులంటే 149.33. ఒక్క ఓటులో మూడో వంతు తక్కువై బిల్లు పడిపోయింది! ఆ వెంటనే రాష్ట్రపతి వి.వి. గిరి ఉత్తర్వుతో రాజుల గుర్తింపు తీసేశారు, అదే డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది, చివరికి 1971లో 26వ సవరణతో గానీ పని పూర్తికాలేదు. ఆరోజు ఎవరు రాలేదు, ఎవరు ఎటు నొక్కారు అన్న ప్రతి పేరుకూ విలువ ఉండింది. 1989 అక్టోబరు 13న రాజీవ్‌గాంధీ పంచాయతీరాజ్, నగరపాలిక బిల్లులు కూడా ఇదే సభలో ఓడిపోయాయి. పెద్దల సభ అంటే లోక్‌సభ పంపిందాని మీద ముద్ర కొట్టే చోటు అనుకునేవాళ్లు ఈ రెండూ ఒకసారి చదవాలి.

రెండో మూలం 1985లో ఉంది. 1967 తర్వాత ఎమ్మెల్యేలు పూటకో పార్టీ మారుతుంటే విసిగిపోయి 52వ సవరణతో పదో షెడ్యూలు తెచ్చారు, అదే ఫిరాయింపుల నిరోధక చట్టం. ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశానికి, అంటే విప్‌కు, వ్యతిరేకంగా ఓటేసినా, విప్ ఉండి ఓటింగ్‌కు రాకపోయినా, పార్టీ పదిహేను రోజుల్లో క్షమించకపోతే సభ్యత్వం పోతుంది. ప్రభుత్వాన్ని పడగొట్టే ఫిరాయింపులు ఆపాలన్న ఉద్దేశం మంచిదే. విప్ ఆయుధాన్ని ప్రభుత్వ మనుగడ, పార్టీ మూల విధానాల వరకే వాడాలన్న అర్థంలో 1992లో ఈ చట్టం మీద వచ్చిన కిహోటో హోలోహాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. ఆచరణలో పార్టీలు ఏ బిల్లుకు కావాలంటే దానికి త్రీ లైన్ విప్, అంటే అన్నిటికంటే గట్టి ఆదేశం, ఇస్తున్నాయి. రాజ్యసభలో ఓడిపోతే ప్రభుత్వమేమీ పడిపోదు కదా, మరి ఆ సభ సభ్యులకు ఇంత గట్టి కళ్లెం ఎందుకని నేను చాలాసార్లు అనుకుంటాను. ఎంపీలు పార్టీ చెప్పినట్టే ఓటేస్తారు గనుక పేర్లు ఎందుకు, పార్టీ పేరు చాలదా అన్న అలవాటు దీనివల్లే బలపడింది. నాకది చాలదు. విప్‌ను కాదన్నవాళ్లు, ఓటింగ్ సమయానికి కనపడకుండా పోయినవాళ్లు, జబ్బుతో ఉండి కూడా వచ్చినవాళ్లు ఎవరో పార్టీ పేరు చెప్పదు.

2010 మార్చి 9న మహిళా రిజర్వేషన్ బిల్లు రాజ్యసభలో 186-1తో నెగ్గింది. ఆ ఒక్కటి మహారాష్ట్ర రైతు నాయకుడు శరద్ జోషిది. ఆయన స్వతంత్ర భారత్ పక్ష్ నుంచి సభలో ఉన్నది ఆయనొక్కరే, ఆయనకు విప్ ఇచ్చే పైవాళ్లు లేరు. ఆయన అభిప్రాయంతో నేను ఏకీభవించను, కానీ అది ఎవరి ఓటో దేశమంతటికీ తెలిసింది, ఆయన దానికి నిలబడ్డారు. అదే అంశం మీద 2023 సెప్టెంబరు 21న వచ్చిన బిల్లుకు 214 మంది అనుకూలం, వ్యతిరేకం ఒక్కరూ లేరు. ఇంకోటి, 2023 ఆగస్టు 7న, ఢిల్లీలో అధికారుల నియామకాలు, బదిలీల మీద కేంద్రానికి పట్టు ఇచ్చే ఢిల్లీ సర్వీసుల బిల్లు. 131-102. తొంభై ఏళ్ల మన్మోహన్ సింగ్ వీల్‌చైర్‌లో వచ్చి ఓటేసిన రాత్రి అది.

మన పార్టీల సంగతికొస్తే, డివిజన్ జరిగిన చోట తేడాలు స్పష్టంగా కనిపిస్తాయి. 2019 ఆగస్టు 5న జమ్మూకశ్మీర్ విభజన బిల్లు 125-61తో నెగ్గినప్పుడు టీఆర్‌ఎస్, వైఎస్సార్‌సీపీ, టీడీపీ మూడూ ప్రభుత్వం వైపే. అదే ఏడాది డిసెంబరు 11న పౌరసత్వ సవరణ బిల్లు 125-105తో నెగ్గినప్పుడు వైఎస్సార్‌సీపీ, టీడీపీ అనుకూలం, టీఆర్‌ఎస్ వ్యతిరేకం. ఢిల్లీ బిల్లుకూ అదే వరస, కాకపోతే అప్పటికి టీఆర్‌ఎస్ పేరు బీఆర్‌ఎస్ అయింది. 2025 ఏప్రిల్‌లో అర్ధరాత్రి దాటాక వక్ఫ్ సవరణ బిల్లు 128-95తో నెగ్గినప్పుడు, ఒడిశాకు చెందిన బీజేడీ తమ ఎంపీలను మనస్సాక్షి ప్రకారం ఓటేసుకోమంది. అలాంటి చోట పేర్ల లిస్టు లేకపోతే ఆ పార్టీ ఎటుందో ఏం చెప్పగలం?

ఇక 2020 సెప్టెంబరు 20, ఆదివారం. కోవిడ్ వల్ల రాజ్యసభ సభ్యులు తమ సభలోనూ, గ్యాలరీల్లోనూ, లోక్‌సభ హాల్లోనూ చెదిరి కూర్చున్న రోజులు. సాగు బిల్లులను లోతుగా పరిశీలించడానికి సభ్యుల సెలెక్ట్ కమిటీకి పంపాలని, డివిజన్ కావాలని ప్రతిపక్షం పట్టుబట్టింది. డిప్యూటీ ఛైర్మన్ హరివంశ్ సభ్యులు తమ సీట్లలో లేరంటూ మూజువాణితోనే ముగించారు. సభ్యులు అధ్యక్షస్థానం ముందున్న వెల్‌లోకి దూసుకెళ్లారు, మైకులు విరిగాయి, నిబంధనల పుస్తకం చించబోయారు, మర్నాడు ఎనిమిది మంది సస్పెండయ్యారు. ఆ గలాటా తప్పే. డివిజన్ ఇచ్చి ఉంటే ఫలితం మారేదో లేదో వేరే సంగతి, పేర్లు మాత్రం మిగిలేవి. టీఆర్‌ఎస్ వ్యతిరేకించిందని, వైఎస్సార్‌సీపీ బలపరిచిందని మనం చెప్పగలుగుతున్నది వాళ్ల ప్రసంగాలను బట్టే. ఏడాది తిరిగాక, ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఎండకూ చలికీ కూర్చున్న తర్వాత, 2021 నవంబరు 29న ఆ చట్టాలను రద్దు చేశారు, అదీ చర్చ లేకుండా, రెండు సభల్లోనూ మూజువాణితోనే. చేసినప్పుడూ పేర్లు లేవు, తీసేసినప్పుడూ పేర్లు లేవు.

ఓటు రికార్డు దొరకనప్పుడు జనం దొరికినవాటితో కొలుస్తారు. పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ ఎంపీల హాజరు, అడిగిన ప్రశ్నలు, పాల్గొన్న చర్చలు, మంత్రులు కానివాళ్లు సొంతంగా పెట్టిన ప్రైవేటు బిల్లులు లెక్కగట్టి ఇస్తోంది, చాలా మంచి పని. పత్రికల్లో వచ్చే "టాప్ ఎంపీ" వార్తలు ఎక్కువగా ఆ లెక్కల మీద ఆధారపడినవే. కానీ వాటిని జాగ్రత్తగా చదవాలి. మంత్రులు హాజరు పుస్తకంలో సంతకం చేయరు, వాళ్ల హాజరు గడి ఖాళీగా కనపడితే రాలేదని కాదు. ప్రశ్నల్లో నోటితో జవాబు చెప్పే స్టార్ ప్రశ్నలు రాజ్యసభలో రోజుకు 15 మాత్రమే, అవీ లాటరీలో వస్తాయి, మిగతావాటికి కాగితం మీద జవాబు. ఎక్కువ ప్రశ్నలు అడిగినంత మాత్రాన గట్టి సభ్యుడని అనలేం, ఒక్క ప్రశ్నతో శాఖను కదిలించినవాళ్లూ ఉన్నారు. 2012లో నామినేట్ అయిన సచిన్ టెండూల్కర్ హాజరు పదవీకాలం మొత్తం మీద 10 శాతం కూడా లేదు, అది బాధాకరమే. ఆయనే అప్పటి నెల్లూరు జిల్లా గూడూరు దగ్గర పుట్టంరాజువారి కండ్రిగను దత్తత తీసుకున్నారు. ఆ ఊరివాళ్లను అడిగితే ఆయన గురించి ఇంకోలా చెప్తారు. ఈ రెండూ ఒకే పట్టికలో ఇమడవు.

శుక్రవారం మధ్యాహ్నం ప్రైవేటు మెంబరు బిల్లుల సమయం చాలామందికి గుర్తే ఉండదు. డీఎంకే సభ్యుడు తిరుచ్చి శివ ట్రాన్స్‌జెండర్ల హక్కుల కోసం పెట్టిన బిల్లును 2015 ఏప్రిల్ 24న రాజ్యసభ ఆమోదించింది, లోక్‌సభలో అది ముందుకు సాగలేదు. మనకు బాగా తెలిసింది 2016లో కేవీపీ రామచంద్రరావు పెట్టిన ప్రత్యేక హోదా బిల్లు. చర్చ జరిగింది, టీవీల ముందు జనం కూర్చున్నారు, ఈసారైనా ఎవరు ఎటో తేలుతుందని టెన్షన్‌గా చూశారు. అది ప్రభుత్వ ఖజానాకు సంబంధించిన ద్రవ్య బిల్లు, ఈ సభలో ఓటింగ్ పెట్టడానికి వీల్లేదని ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ అభ్యంతరం చెప్పారు, విషయం లోక్‌సభ స్పీకర్ దగ్గరికి వెళ్లింది, ఓటింగ్ జరగనేలేదు.

రాజ్యసభ సభ్యుణ్ణి ఎన్నుకునేది ఎమ్మెల్యేలు. 2003 సవరణతో ఆ ఎన్నికలో రహస్య ఓటు తీసేశారు, ఎమ్మెల్యే తన బ్యాలెట్‌ను పెట్టెలో వేసే ముందు పార్టీ ఏజెంటుకు చూపించాలి. 2006లో కులదీప్ నయ్యర్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అదే సవరణతో, నిలబడే అభ్యర్థి ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న షరతు కూడా పోయింది. ఆ దారిలోనే సురేశ్ ప్రభు, పరిమళ్ నత్వానీ ఆంధ్రప్రదేశ్ నుంచి, అభిషేక్ మను సింఘ్వీ తెలంగాణ నుంచి వెళ్లారు. మన ఊరి మనిషే కానక్కర్లేదన్నప్పుడు, మన తరఫున ఎలా ఓటేశారో చూసుకోవాల్సిన అవసరం ఇంకా పెరిగిందని నా అభిప్రాయం. ఎమ్మెల్యే ఓటును పార్టీ ఏజెంటు కళ్లారా చూడొచ్చు, అలా ఎన్నికైన ఎంపీ చట్టాల మీద వేసే ఓటు మాత్రం చాలాసార్లు జనానికి కనపడదు.

అమెరికా సెనేట్‌లో హాజరైనవాళ్లలో ఐదో వంతు అడిగితే పేరుపేరునా నమోదు చేయాలని వాళ్ల రాజ్యాంగంలోనే ఉంది. మనకు సీటు ముందు బటన్ ఉంది, బోర్డు ఉంది, నొక్కితే నిమిషాల్లో పని. ప్రతి బిల్లు తుది ఆమోదానికి ఎవరూ అడగకపోయినా బటన్ నొక్కించాలని నిబంధన మార్చుకోవడానికి రాజ్యాంగాన్ని ముట్టుకోనక్కర్లేదు, సభ తన నిబంధనలను తానే మార్చుకోగలదు.

చివరికి మా తమ్ముడికి పౌరసత్వ బిల్లు పేర్ల లిస్టు, ఢిల్లీ బిల్లు పేర్ల లిస్టు పంపాను. విభజన బిల్లుకు, 2014 ఫిబ్రవరి 20 చర్చల ప్రతి మొత్తం పంపాను. "అన్నా, చివరిదాకా చదివాను, బిల్లు పాసైందని ఉంది, పేర్లు ఏ పేజీలో ఉన్నాయి?" అని మళ్లీ మెసేజ్ పెట్టాడు.