ఆ రైతు తల ఊపాడు

చిట్టీ, బన్నీ,

సంక్రాంతికి వచ్చినప్పుడు "బాపమ్మా, నర్సంటే సూదులు వేసేవాళ్లే కదా?" అని అడిగారు. సకినాల పని తెమలక అప్పుడు చెప్పలేకపోయాను.

నేను వరంగల్‌లో డ్యూటీలో చేరిన కొత్తలో, పరకాల వైపు పత్తిరైతు ఒకాయన షుగర్ ఎక్కువై వార్డులో చేరాడు. ఇంటికి పంపేరోజు ఇన్సులిన్ చేతిలో పెట్టి, "పొద్దున ఇన్ని యూనిట్లు, రాత్రి ఇన్ని, వేసుకున్న అరగంటకు తినాలి" అని గబగబా చెప్పాను. "అర్థమైందా?" అంటే "అయింది సిస్టరమ్మా" అని తల ఊపాడు. నాలుగో రోజు స్పృహ లేకుండా మోసుకొచ్చారు. సూది వేసుకుని, తినకుండానే చేనుకు పోయాడట. రక్తంలో చక్కెర పడిపోయింది. గ్లూకోజ్ ఎక్కించాక కళ్లు తెరిచాడు. తప్పు ఆయనది కాదు, నాది. ఆసుపత్రిలో ఎవరు అడిగినా మనిషి తల ఊపేస్తాడు, భయం అలాంటిది.

అప్పటినుంచి "అర్థమైందా" అనడం మానేశాను. "ఇంటికి పోయినంక మీ ఇంటామెకు ఏం చెప్తవ్? నేనే ఆమె అనుకొని చెప్పు" అనేదాన్ని. అప్పుడు అసలు సంగతులు బయటపడేవి. ఒకాయనకు ఫ్రిజ్ లేదు, మందు రేకుల కింద అటక మీద పెట్టాడు. మన ఎండలకు అది పాడైపోదా? పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, సీసా దాంట్లో పెట్టమన్నాను. ఇంకొకామె సిరంజి మార్చేసింది. ఎర్ర మూతది మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే మందుకు, నారింజ మూతది 100 యూనిట్లు ఉండే మందుకు. 100 మందును ఎర్ర మూతదాంతో లాగితే రెండున్నర రెట్లు ఒంట్లోకి పోతుంది! చదువురానివాళ్లకు మాత్రల అట్టల మీద సూర్యుణ్ణి, చంద్రుణ్ణి గీసి ఇచ్చేదాన్ని.

డాక్టరు రౌండ్‌కు వచ్చి వెళ్తారు. రోగి పక్కన ఎక్కువసేపు ఉండేది నర్సే, అందుకే ఈ పని ఆమెకే బాగా వీలవుతుంది.

ఇన్సులిన్ వేసుకునే తాత మీ ఇంట్లోనూ ఉన్నాడు. ఆయనకు చెమటలు పట్టి, చేతులు వణికితే రక్తంలో చక్కెర పడిపోతోందనుకోండి, వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయించండి.

ఆ రైతు రెండోసారి ఇంటికి పోయేరోజు మీ అంత కూతురు పక్కన నిలబడి అంతా విన్నది. తండ్రి తడబడ్డచోటల్లా ఆ పిల్లే అందించింది. ఈసారి ఫోన్ చేసినప్పుడు మీరూ నాకు ఒప్పజెప్పాలి. తాత సిరంజి మూత ఏ రంగో కూడా చూసి పెట్టండి.

మీ బాపమ్మ,
హనుమకొండ