హోరాహోరీ అని సర్వే చెప్తే బరంపురం ఓటరు ఏం చేస్తాడు?

2024 ఒడిశా అసెంబ్లీ ఎన్నికల్లో బిజూ జనతా దళ్‌కి (బీజేడీ) 40.22 శాతం ఓట్లు పడ్డాయి, బీజేపీకి 40.07 శాతం. సీట్లు మాత్రం బీజేపీకి 78, బీజేడీకి 51. కాస్త ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న పార్టీయే, 2000 నుంచి చేతిలో ఉన్న అధికారాన్ని పోగొట్టుకుంది. పోలింగ్ ముగిశాక వచ్చిన ఎగ్జిట్ పోల్స్‌లో ఒకటి రెండు పార్టీలకూ సమానంగా 62 నుంచి 80 సీట్లు ఇచ్చింది. ఇదేం జోస్యం అనిపిస్తుంది గానీ, ఓట్ల వరకు చూస్తే పోటీ సమానమన్నది నిజమే. సీట్ల దగ్గరే బీజేడీ ఆ 62 కిందికి జారిపోయింది.

ఇంత బిగువైన పోటీలో ముందే సర్వే అంకెలు చెవిన పడితే, ఆంధ్ర సరిహద్దుకు దగ్గర్లో, ఒడిశాలోని బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఉన్న తెలుగు ఓటరు మనసు మారుతుందా? మారితే ఎటు? కొందరు గెలిచేవాడి వెనక చేరతారు. వచ్చేది ఎలాగూ వాళ్లే, మన వీధి పనులు మనకు కావాలి కదా అనుకుంటారు. ఇంకొందరు ఓడిపోయేలా ఉన్నవాడి మీద జాలితోనో, గెలిచేవాడి మీద కోపంతోనో అవతలి వైపు మొగ్గుతారు. ఒకే అంకె ఒకే ఇంట్లో అన్నదమ్ములను చెరోవైపు లాగొచ్చు.

సర్వే బయటపెట్టగానే ఓటర్లు మారిపోయేటట్టయితే, ఏ జోస్యమైనా నిజమయ్యే వీలుందా? 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్, అంతకు చాలా ముందే 1954లో ఈ చిక్కుముడి విప్పాడు. ఫలానా పార్టీకి 45 శాతం అని ప్రకటిస్తే జనం ఊపందుకుని 47 శాతం వేశారనుకుందాం. 50 అని ప్రకటిస్తే కొందరు ధీమాగా ఇంట్లో కూర్చోబట్టి 49 పడ్డాయనుకుందాం. మొదటిసారి ప్రకటన కంటే ఫలితం ఎక్కువ, రెండోసారి తక్కువ. జనం స్పందన ఉన్నట్టుండి గెంతకుండా మెల్లగా మారేదైతే, 45కీ 50కీ మధ్య ఎక్కడో ఒకచోట ప్రకటించిన అంకె, పడిన ఓట్ల శాతం ఒకటై తీరాలి. సరిగ్గా ఆ అంకెనే ప్రకటిస్తే, జనం మనసు మార్చుకున్నాక కూడా జోస్యం నిజమవుతుంది. గణితంలో ఇలాంటిదాన్ని స్థిర బిందువు అంటారు. చక్కటి వాదన. కాకపోతే ఆ అంకె ఉందని చెప్తుంది తప్ప ఎంతో చెప్పదు.

పైగా హోరాహోరీ పోటీలో సర్వేకి చూపు ఆనదు. వెయ్యి మందిని అడిగితే ఒక్కో పార్టీ వాటా మూడు శాతం అటూ ఇటూ ఉండొచ్చు. రెండు పార్టీల మధ్య తేడా విషయానికొస్తే ఆ పొరపాటు దాదాపు రెట్టింపు. ఒడిశాలో తేలిన 0.15 శాతం తేడాను పట్టుకోవాలంటే, లెక్క కడితే, పదమూడు లక్షల మందికి పైగా అడగాలి. అంతకంటే ఎన్నికలు పెట్టడమే నయం! ఇక రాష్ట్రమంతా తిరిగిన సర్వేలో యాభై మంది తెలుగువాళ్లు దొరికారనుకోండి, వాళ్ల గురించి చెప్పేదానికి పద్నాలుగు శాతం అటూ ఇటూ వదిలేయాలి. "బరంపురం తెలుగోళ్లు ఫలానా వైపున్నారు" అని సర్వే పేరుతో ఎవరైనా చెప్తే నేనైతే నమ్మను.

నన్నడిగితే, సర్వేల దెబ్బ ఎక్కువగా తగిలేది మూడో పార్టీ ఓటరుకి. తన పార్టీ మూడో స్థానంలో ఉందని వింటే, ఓటు మురిగిపోతుందన్న బెంగతో మొదటి ఇద్దరిలో ఒకరికి వేస్తాడు. తెలివైన పనే. కానీ ఆ మూడో స్థానం ఎక్కడిది? 2024లో రాష్ట్రం మొత్తం మీద కాంగ్రెస్‌ది మూడో స్థానం, 14 అసెంబ్లీ సీట్లు. లోక్‌సభకు ఒడిశాలో ఉన్న 21 సీట్లలో ఆ పార్టీ గెలిచింది ఒక్కటే. అది కోరాపుట్, అంటే రాయగడ, గుణుపురం, జయపురం ఉన్న నియోజకవర్గం. రాష్ట్ర సగటు చూసి అక్కడ కాంగ్రెస్ ఓటు వేస్టు అనుకున్నవాడు వేరే ఊరి మ్యాపు పట్టుకుని బయల్దేరినట్టే.

సరిహద్దు వాళ్లకు ఇంకో విషయం కూడా వర్తిస్తుంది. ఆ ఏడాది ఒడిశా నాలుగు విడతల్లో ఓటేసింది. బరంపురం, కోరాపుట్ వైపు మొదటి విడతలో, మే 13న, ఆంధ్రతో పాటే. ఉత్తర కోస్తాలో బాలేశ్వర్ వైపు జూన్ 1న. ఇక్కడి ఎగ్జిట్ పోల్ మే 13నే బయటికొచ్చి ఉంటే అక్కడివాళ్లు ఏం చేసేవారో ఊహించడానికి ఫ్రాన్స్ అనుభవం పనికొస్తుంది. 2005 సంస్కరణకు ముందు, మార్టినీక్, గ్వాడెలూప్ లాంటి ఫ్రెంచ్ దీవుల్లో పోలింగ్ సాగుతుండగానే ప్రధాన భూభాగపు ఎగ్జిట్ పోల్స్ తెలిసిపోయేవి. ఆ తర్వాత దీవుల్లో పోలింగ్‌ను ముందురోజుకి జరిపారు. రెండు కాలాలనూ పోల్చిన పరిశోధకులు, ముందే తెలిసిపోవడం వల్ల పోలింగ్ సుమారు 11 శాతం పాయింట్లు తగ్గేదని, వచ్చినవాళ్లలో గెలిచేవాడి వైపు మొగ్గు పెరిగేదని తేల్చారు. మన ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126ఎ సెక్షన్ చివరి విడత ముగిశాక అరగంట దాకా ఎగ్జిట్ పోల్స్‌ను ఆపేస్తుంది.

ముందస్తు సర్వేలకు అంత కట్టడి లేదు. పోలింగ్ ముగిసే ముందు 48 గంటలు టీవీల్లో చూపకూడదు, అంతే. అయినా తెలుగు చానళ్ల సర్వేలు ఎక్కువగా ఆంధ్ర, తెలంగాణల చుట్టూనే తిరుగుతాయి. బరంపురంలో వాటిని చూసేవాళ్లకు తమ ఓటు సంగతి కంటే ఆంధ్రలోని ఇచ్ఛాపురం చుట్టాల ఓటు సంగతే ఎక్కువ తెలిసే అవకాశముంది.

పోటీ గట్టిగా ఉందంటే జనం ఎగబడి ఓటేస్తారని నాయకులు నమ్ముతారు. స్విట్జర్లాండ్ రెఫరెండాలను చూసిన ఒక అధ్యయనం ఆ నమ్మకాన్ని బలపరిచింది. 2010లో అమెరికా గవర్నర్ ఎన్నికల ముందు చేసిన ప్రయోగం మాత్రం వేరే కథ చెప్పింది. కొందరు ఓటర్లకు నువ్వా నేనా అన్నట్టున్న సర్వేను, మరికొందరికి తేడా బాగా ఉన్న సర్వేను చూపించారు. మొదటి గుంపువాళ్లు పోటీ గట్టిదేనని నమ్మారు. పోలింగ్ రోజున బూత్‌కి వెళ్లినవాళ్లు మాత్రం రెండు గుంపుల్లోనూ దాదాపు అంతే.