ట్రయల్ వాలంటీరుకు డబ్బు: ఎంత అన్నదాని కంటే ఎప్పుడు అన్నదే ముఖ్యం

అనంతపురం, చిత్తూరు వైపు నుంచి బెంగళూరుకు పనికొచ్చినవాళ్ళను మందుల ట్రయల్‌లో చేర్చుకోవాలంటే సమ్మతి పత్రం వాళ్ళకు అర్థమయ్యే తెలుగులో ఉండాలి. అది చేతికి రాగానే డబ్బెంత అని వెతుక్కోవడం సహజం. అందులో తప్పు లేదు. ఇచ్చేవాడి వైపు తప్పు ఎక్కడ మొదలవుతుందన్నదే వందేళ్ళు దాటిన వాదన.

1900లో క్యూబాలో అమెరికా సైనిక వైద్యుడు వాల్టర్ రీడ్ బృందం ఎల్లో ఫీవర్ ప్రయోగాలకు స్పెయిన్ వలసదారులతో ఒప్పందం రాయించుకుంది. చేరితే 100 డాలర్ల బంగారం, జ్వరం వస్తే ఇంకో 100. జబ్బుకే ధర కట్టారన్నమాట. అమెరికాలో నల్లజాతి పేదలకు చికిత్స ఇవ్వకుండా జబ్బు ముదరడాన్ని చూస్తూ 1932 నుంచి 1972 దాకా సాగిన టస్కిగీ సిఫిలిస్ అధ్యయనంలో ఎర మరీ చౌక: ఉచిత భోజనం, అంత్యక్రియల ఖర్చు. ఆ బండారం బయటపడ్డాక, మనుషులపై పరిశోధనల్లో నీతి గురించి అమెరికాలో వచ్చిన 1979 నాటి బెల్మాంట్ నివేదిక మితిమీరిన ప్రతిఫలం ఆశ చూపడాన్నీ అనుచిత ఒత్తిడి కిందే లెక్కగట్టింది.

2011లో ఈ గొడవ మన గడప తొక్కింది. పిడుగురాళ్ళ పేద మహిళలను ఏజెంట్లు హైదరాబాద్ తీసుకెళ్ళి క్యాన్సర్ మందు పరీక్షల్లో చేర్పించిన సంగతి బయటికొచ్చింది.

అలాంటివాటిని బయో ఈక్వివలెన్స్ పరీక్షలంటారు: జనరిక్ మందు అసలు బ్రాండు మందులాగే రక్తంలోకి చేరుతుందా అని చూస్తారు. ఒక విడత అసలు బ్రాండు మందు, మరో విడత జనరిక్ ఇస్తారు. రాత్రంతా కనీసం 10 గంటల ఉపవాసం, రక్తం తీయడానికి చేతికి కాన్యులా (సన్నని గొట్టం), విడతకు 15–20 సార్లు రక్తం. రెండు విడతల మధ్య మందు అర్ధాయువుకు (రక్తంలో మందు సగానికి తగ్గే సమయానికి) ఐదు రెట్లకు తగ్గని విరామం. డబ్బంతా చివర్లోనే అంటే చిక్కు ఇక్కడే. మొదటి విడతలో వాంతులైనవాడు నోరు విప్పడు. విప్పితే తీసేస్తారు, తీసేస్తే చేతికేమీ రాదు. కొందరు విరామంలోనే ఇంకో సెంటర్లో ఇంకో మందుకు చేరతారు. కొలతలు పాడు, మనిషికి ముప్పు. వేలిముద్రలు తీసుకున్నా సెంటర్ల మధ్య సమాచారం కలవకపోతే దొరకరు.

అందుకే మన దేశంలో క్లినికల్ ట్రయల్స్‌కు వర్తించే 2019 నిబంధనల ప్రకారం, పాల్గొన్న మేరకు ఎంత ముడుతుందో సమ్మతి పత్రంలోనే రాయాలి. ఉదాహరణకు మొత్తం 10,000 రూపాయలనుకుందాం: మొదటి విడతకు 4,000, రెండోదానికి 4,000, తర్వాత వచ్చి ఇచ్చే రక్త నమూనాలకు 1,200, చివరి పరీక్షకు 800. మొదటి విడత కాగానే మానేసినా 4,000 అతనివే. ట్రయల్ వల్ల జబ్బుచేసి ఆగితే పూర్తి మొత్తం ఇవ్వాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2006లోనే చెప్పింది.

మరి ఎంత ఇస్తే ఎక్కువ? చట్టంలో అంకె లేదు. ట్రయల్‌కు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ తేల్చాలి. ఎంత తక్కువిస్తే అంత నీతి అనుకునే సభ్యులూ ఉంటారు. కూలి పోగొట్టుకుని రెండు రాత్రులు అక్కడే పడుకున్నవాడికి ఆటో ఖర్చు చేతిలో పెడితే అది దోపిడీయే. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు దారి ఖర్చుతో పాటు పోయిన కూలి, పడిన ఇబ్బంది కూడా లెక్కలోకి తీసుకోమంటాయి. ట్రయల్ మందు వల్ల హాని జరిగితే ఉచిత చికిత్స, నష్టపరిహారం వేరే పద్దు. ఈ 10,000లో సర్దడానికి వీల్లేదు. ఏజెంటు కమీషన్ కూడా ఇందులోంచి పోకూడదు. డబ్బు నేరుగా వాలంటీరు ఖాతాలో పడాలి, విడత ముగిసిన ప్రతిసారీ.