సబ్బు ముక్కలతో మళ్లీ సబ్బు: అపోహలు - వాస్తవాలు

ఇంట్లో సబ్బులు చేసే ప్రతి ఒక్కరి దగ్గరా ముక్కల డబ్బా ఒకటి ఉంటుంది. దిమ్మను కోసినప్పుడు మిగిలిన చివర్లు, అంచులు చెక్కినప్పుడు రాలిన పెచ్చులు, రంగు కుదరక పక్కన పెట్టిన బిళ్లలు అన్నీ అందులోకే వెళ్తాయి. కొబ్బరి నూనె ధర తెలిసినవాళ్లకు వాటిని పారేయడానికి చేతులు రావు. పారేయాల్సిన పని కూడా లేదు. కానీ నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు, వాట్సాప్‌లో తిరిగే చిట్కాలు చూస్తుంటే ఈ ముక్కల విషయంలో చాలా తప్పుడు నమ్మకాలు కనిపిస్తున్నాయి. వాటిలో కొన్ని డబ్బు దండగ చేస్తాయి, కొన్ని చర్మాన్ని కాలుస్తాయి.

నేను చెప్పేదల్లా ఒక్కటే. ఆ ముక్క ఎక్కడిదో, ఏ నూనెలతో చేసిందో, ఎప్పటిదో తెలిస్తేనే కొత్త సబ్బులో వేయండి. కింద రాసినవన్నీ దాని చుట్టూ తిరిగేవే.

అపోహ: ముక్కలు కూడా నూనె లెక్కలోకే వస్తాయి, వాటికి తగ్గట్టు కాస్టిక్ సోడా పెంచాలి

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే, అందుకే ముందు పెట్టాను. సబ్బు ముక్కలో ఉన్న నూనె ఎప్పుడో కాస్టిక్ సోడాతో కలిసి సబ్బుగా, గ్లిజరిన్‌గా మారిపోయింది. దానికి మళ్లీ సోడా అక్కర్లేదు.

లెక్క చూపిస్తాను. కొబ్బరి నూనె 300 గ్రాములు, పామాయిల్ 300, వేరుశనగ నూనె 300, ఆముదం 100 తీసుకున్నామనుకోండి. ఒక్కో గ్రాము నూనెకు పట్టే కాస్టిక్ సోడా వేరు: కొబ్బరి నూనెకు సుమారు 0.183 గ్రాములు, పామాయిల్‌కు 0.142, వేరుశనగకు 0.136, ఆముదానికి 0.128. అన్నీ కలిపితే 151 గ్రాములు వస్తుంది. కొంచెం నూనె మిగిలి చర్మానికి మెత్తగా ఉండటానికి 5 శాతం తగ్గిస్తాం కాబట్టి వేసేది 143.5 గ్రాములు. ఇందులో 250 గ్రాముల ముక్కలు కలిపినా ఆ 143.5 మారదు.

ఎవరైనా ఆ 250 గ్రాములను కూడా నూనె అనుకుని లెక్క కడితే దాదాపు 36 గ్రాముల సోడా ఎక్కువ పడుతుంది. మనం వదిలిన 5 శాతం వెసులుబాటు తట్టుకోగలిగేది ఏడున్నర గ్రాములే. మిగతాదంతా సబ్బులో అలాగే ఉండిపోయి ఒంటిని మండిస్తుంది.

దీనికే ఇంకో రూపం ఉంది. "ముక్కల్లో ఇప్పటికే 5 శాతం నూనె మిగిలి ఉంది కదా, కొత్త దాంట్లో ఇంకో 5 శాతం, మొత్తం 10 శాతమై జిడ్డు కారదా?" అని అడుగుతారు. కారదు. 5 శాతం ఉన్నదాన్ని 5 శాతం ఉన్నదానితో కలిపితే మొత్తం మీద వచ్చేది 5 శాతమే.

ఎంత వేయొచ్చంటే, నూనెల బరువులో పావు వంతు దాకా హాయిగా పడుతుంది. అంతకు మించితే మిశ్రమం ముద్దకట్టి అచ్చులో గాలి గుంటలు మిగులుతాయి. నూనెలు, సోడా నీళ్లు కలిసి కాస్త చిక్కబడ్డాక (దీన్నే లైట్ ట్రేస్ అంటారు) వేయండి. తాజా ముక్కలైతే కూరగాయల పీలర్‌తో చుట్టలు చుట్టలుగా వస్తాయి, కోసినప్పుడు అందంగా కనిపిస్తాయి. ఎండి రాయైపోయిన వాటిని సన్నగా తురమండి. పెద్ద ముక్కలుగా వేస్తే కత్తి దిగేటప్పుడు బిళ్లలోంచి ఊడి వస్తాయి.

అపోహ: ముక్కల్ని వేడి చేస్తే మైనంలా కరిగిపోతాయి

బజార్లో దొరికే మెల్ట్ అండ్ పోర్ బేస్ (కరిగించి అచ్చులో పోసుకునే రెడీమేడ్ సబ్బు దిమ్మ) చూసినవాళ్లు ఇలా అనుకుంటారు. అది కరగడానికి అందులో గ్లిజరిన్, సార్బిటాల్, ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటివి దండిగా కలుపుతారు. మనం పొయ్యి మీద ఉడికించకుండా, కోల్డ్ ప్రాసెస్‌లో చేసిన సబ్బులో అవి ఆ మోతాదులో ఉండవు. ఎంత వేడి చేసినా నీళ్లలా అవదు, నీళ్లు తక్కువైన ఉప్మాలా ముద్దగా తయారవుతుంది. పొయ్యి మంట పెంచితే అడుగంటుతుంది తప్ప లాభం లేదు.

సరైన పద్ధతి ఇదీ. ముక్కల్ని సన్నగా తురమండి. 500 గ్రాముల తురుముకు 50 మి.లీ. నీళ్లతో మొదలుపెట్టండి. నెలల తరబడి ఎండినవైతే 100 మి.లీ. దాకా పడుతుంది. నీళ్లు చల్లి, కలిపి, మూత పెట్టి రాత్రంతా వదిలేస్తే తురుము నాని సగం పని తగ్గిపోతుంది. మర్నాడు వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి, మూతతో, సన్న సెగ మీద గంటకు పైగా ఉంచండి. తురుము అంచులు మొదట మెరుస్తాయి, తర్వాత ఒకదానికొకటి అతుక్కుంటాయి, చివరికి పచ్చి తెలుపు పోయి కాస్త పారదర్శకంగా, వాసెలిన్ రంగులోకి తిరుగుతుంది. మధ్యలో రెండు మూడుసార్లు అడుగు నుంచి పైకి తిప్పితే చాలు. ఊరికే గిలక్కొడితే నురగ పట్టి సబ్బు బోలుగా వస్తుంది. వేడిగా ఉండగానే గరిటెతో అచ్చులోకి నొక్కి, అచ్చును బల్ల మీద గట్టిగా కొట్టండి. పైభాగం గరుకుగానే ఉంటుంది, అది ఈ సబ్బు తీరు.

గిన్నె స్టీలుదే అయ్యుండాలి. సత్తు గిన్నె (తెలంగాణ వైపు సిల్వర్ గిన్నె అంటారు) వద్దే వద్దు. అల్యూమినియం కాస్టిక్ సోడాతో కలిస్తే హైడ్రోజన్ వాయువు పుడుతుంది, గిన్నె పాడవుతుంది, సబ్బు నల్లబడుతుంది. ముక్కల్లో మిగులు సోడా ఉందేమో మనకు తెలియదు కాబట్టి ఈ విషయంలో పంతానికి పోవద్దు.

అపోహ: పాడైన సబ్బును మళ్లీ ఉడికిస్తే బాగైపోతుంది

ఏం పాడైందన్న దాన్ని బట్టి ఉంటుంది.

మూలలు విరిగినవి, రంగు నచ్చనివి, నూనె సరిగ్గా కలవక పైకి తేలినవి బాగవుతాయి. సోడా ఎక్కువైన సబ్బు కూడా బాగవుతుంది, కానీ ఎంత ఎక్కువైందో తెలిస్తేనే. తూకం చీటీ చూసి "200 గ్రాముల కొబ్బరి నూనె వేయడం మర్చిపోయాను" అని తేల్చుకుంటే ఆ 200 గ్రాములు ఉడికేటప్పుడు కలపొచ్చు. లెక్క తెలియకుండా అందాజాగా నూనె పోయడం ఒంటితో చేసే ప్రయోగం. అలాంటిది స్నానానికి వాడకండి.

సోడా మిగిలిందో లేదో తెలుసుకోవడానికి పాత పద్ధతే మంచిది. తడి వేలితో సబ్బును రుద్ది, ఆ వేలిని నాలుక కొసకు తాకించండి. మామూలు సబ్బు రుచి వస్తే సరే. చురుక్కుమంటే అందులో సోడా ఉంది, వెంటనే నోరు కడుక్కోండి. పి.హెచ్. పేపర్లను నమ్ముకోవద్దు, సబ్బు మీద అవి సరిగ్గా చూపించవు.

ముక్కల మీద తెల్లటి పొడి కనిపించగానే చాలామంది కాస్టిక్ సోడా బయటికొచ్చిందని కంగారుపడతారు. ఎక్కువ సార్లు అది సోడా యాష్. అచ్చులో ఉన్నప్పుడు పై పొరలోని సోడా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఏర్పడుతుంది. దులిపి వాడుకోవచ్చు. సబ్బు లోపల గుంటల్లో నీరులా కారేదో, గట్టి పలుకులో కనిపిస్తే మాత్రం నాలుక పరీక్ష చేయాల్సిందే.

ఇక నారింజ రంగు మచ్చలు. పాత నూనె వాసన కొడుతూ, అక్కడక్కడా నారింజ, గోధుమ రంగు చుక్కలుంటే ఆ సబ్బులో మిగిలిన నూనె మక్కిపోయిందని అర్థం. పొద్దుతిరుగుడు, సోయా, తవుడు నూనెలు ఎక్కువ వేసినప్పుడు ఇది త్వరగా వస్తుంది. ఇనుము, రాగి తగిలినా అంతే. దీన్ని మళ్లీ ఉడికిస్తే మచ్చలు కరిగి కనబడకుండా పోతాయి, మక్కడం ఆగదు. పైగా కొత్త సబ్బులోని మంచి నూనెను కూడా పాడుచేస్తుంది. ఒక్క పిడికెడు ఇలాంటి ముక్కల కోసం కిలో కొత్త సబ్బును పణంగా పెట్టకండి.

అపోహ: స్నానాల గదిలో అరిగిన బిళ్లల నిండా క్రిములే

అమ్మమ్మల కాలం నుంచి అరిగిన బిళ్లను తడిపి కొత్త సబ్బుకు అతికించి వాడుతూనే ఉన్నాం. అందులో తప్పేమీ లేదు. తడి సబ్బు మీద బ్యాక్టీరియా ఉండే మాట నిజమే. కానీ 1988లో సబ్బుల పరిశ్రమకు చెందిన ఇద్దరు పరిశోధకులు సబ్బు బిళ్లలకు కావాలనే పెద్ద మొత్తంలో బ్యాక్టీరియా పట్టించి 16 మందితో చేతులు కడిగించారు. కడుక్కున్నాక వాళ్ల చేతుల మీద ఆ బ్యాక్టీరియా గుర్తించే స్థాయిలో దొరకలేదు. నురగతో పాటే కొట్టుకుపోతుంది.

అందుకని ఒక ఇంట్లో వాడిన బిళ్లల్ని ఆ ఇంటివాళ్లే మళ్లీ వాడుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. పైన కడిగి, వెంట్రుకలు తీసి, ఎండబెట్టి తురమండి. వేరేవాళ్లకు ఇవ్వడం మాత్రం వేరే సంగతి. హోటళ్లలో సగం వాడి వదిలేసిన సబ్బుల్ని సేకరించి అవసరమైనవాళ్లకు పంచే క్లీన్ ద వరల్డ్ సంస్థ అమెరికాలోని ఓర్లాండోలో 2009లో మొదలైంది. వాళ్లు వాటిని శుద్ధి చేశాకే కొత్త బిళ్లలుగా కొడతారు. మన వంటింట్లో ఆ ఏర్పాటు ఉండదు.

అపోహ: ఏ సబ్బైనా సబ్బే, కొన్న సబ్బు ముక్కలు కూడా కలిపేయొచ్చు

కొన్న సబ్బు కవరు మీద చిన్న అక్షరాలు చదవండి. మన బి.ఐ.ఎస్. (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం టాయిలెట్ సోప్ గ్రేడ్ 1 అంటే టి.ఎఫ్.ఎం. (సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం) కనీసం 76 శాతం, గ్రేడ్ 2 అంటే 70, గ్రేడ్ 3 అంటే 60 ఉండాలి. బేతింగ్ బార్ అని రాసి ఉంటే 40 శాతం ఉన్నా చాలు. గ్రేడ్ 1 ముక్కలు ఉడికించినప్పుడు బాగానే కలుస్తాయి. బేతింగ్ బార్‌లో సబ్బుకు తోడు ఇంకా ఏమేం ఉన్నాయో, అవి వేడికి ఎలా మారతాయో ముందే చెప్పలేం. డవ్ లాంటి బార్‌లలో ముఖ్యమైన పదార్థం సబ్బు కూడా కాదు, సిండెట్, అంటే కృత్రిమ డిటర్జెంట్. అది మన ముద్దలో సరిగ్గా ఇమడదు. బట్టల డిటర్జెంట్ బార్ ముక్కలు ఒంటి సబ్బులో పొరపాటున కూడా పడకూడదు.

అపోహ: తురిమి నీళ్లు పోస్తే హ్యాండ్‌వాష్ రెడీ

వీడియోల్లో చూపించేది అప్పుడే చేసిన సీసాను. రెండు రోజులాగి చూపించరు. కాస్టిక్ సోడాతో చేసిన సబ్బు నీళ్లలో గడ్డకట్టే స్వభావం ఉన్నది. ముందు పల్చగా ఉంటుంది, చల్లారాక చీమిడిలా సాగుతుంది, పంపులోంచి రాదు, కొన్నాళ్లకు అడుగున ముద్ద, పైన నీళ్లు. అసలైన లిక్విడ్ సోప్‌కు కాస్టిక్ పొటాష్ వాడతారు. దీనికంటే పెద్ద సమస్య ఇంకొకటి. గట్టి బిళ్లలో నీళ్లు తక్కువ కాబట్టి సూక్ష్మజీవులు పెరగలేవు. అదే సబ్బును పల్చగా చేసి, ప్రిజర్వేటివ్ లేకుండా సింకు దగ్గర వారాల తరబడి ఉంచితే పెరుగుతాయి. కావాలంటే రెండు మూడు రోజులకు సరిపడా చేసుకుని గిన్నెలు తోముకోవడానికి వాడేయండి.

అపోహ: ముక్కల్లో ఇక సోడా లేదు కాబట్టి నిమ్మరసం, కలబంద, పసుపు ఏదైనా కలపొచ్చు

నిమ్మరసం సబ్బును సబ్బుగా ఉండనివ్వదు. పులుపు తగలగానే సబ్బు విరిగి మళ్లీ కొవ్వు ఆమ్లంగా మారుతుంది, జిడ్డు తేలుతుంది, నురగ చచ్చిపోతుంది. "పి.హెచ్. తగ్గించడానికి" అంటూ పిండేవాళ్లు అది గమనించాలి. సబ్బు పి.హెచ్. 9, 10 మధ్య ఉండటం దాని సహజ గుణం.

పచ్చి కలబంద గుజ్జు, కీరా తురుము, పువ్వుల రేకులు గోధుమ రంగుకు తిరుగుతాయి, సరిగ్గా ఆరకపోతే బూజు పడుతుంది. బాగా ఎండిన పొడులు వాడండి. పసుపు సంగతి మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుంది కదా, సబ్బులోని క్షారానికీ పసుపు అలాగే ఎర్రబడుతుంది. ఆ తర్వాత వెలుతురుకు వెలిసిపోతుంది. అది చూసి సబ్బు పాడైందని అనుకోవద్దు. వెనిలా సువాసన ఉన్న ముక్కలు మాత్రం గోధుమ రంగును పక్కనున్న తెల్ల సబ్బులోకి కూడా పాకిస్తాయి, వాటిని వేరుగా ఉంచండి.

అపోహ: ఉడికించిన సబ్బు మర్నాడే వాడొచ్చు

వాడితే ప్రమాదం లేదు. కానీ మనం పోసిన నీళ్లన్నీ అందులోనే ఉన్నాయి, రెండు స్నానాలకే కరిగిపోతుంది. మూడు నాలుగు వారాలు గాలి ఆడే చోట ఆరబెట్టండి. మా కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో వానాకాలం ఇంకాస్త ఎక్కువ పడుతుంది. గ్లిజరిన్ గాల్లోని తేమను లాక్కుని బిళ్ల మీద చెమట బొట్లలా కనిపిస్తుంది, తుడిస్తే పోతుంది.

ముక్కల నిల్వకు కూడా ఇదే వర్తిస్తుంది. మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా కంటే అట్టపెట్టె మేలు. ఒక్కో రకానికి ఒక్కో కవరు, దాని మీద నూనెల పేర్లు, చేసిన తేదీ, సువాసన రాసి పెట్టండి. అమ్మకానికి చేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. మన దేశంలో ఒంటి సబ్బు కాస్మెటిక్స్ కిందికి వస్తుంది, 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారుచేసి అమ్మాలంటే లైసెన్స్ కావాలి, లేబుల్ మీద ఏమేం వాడారో రాయాలి. నాలుగు రకాల ముక్కలు ఒకే డబ్బాలో కలిసిపోతే ఆ జాబితా రాయడం ఎవరి వల్లా కాదు. బాదం నూనె, పాలు పడనివాళ్లు ఆ సబ్బు కొంటే ఏం జరుగుతుందో మనకు తెలియదు. ఏ కవరులోదో తేలని ముక్కలు నేను అమ్మకపు సబ్బుల్లో ఎప్పుడూ వేయను. నాలుక పరీక్షలో నెగ్గితే వాటిని ఒక దిమ్మగా ఉడికించి, చొక్కా కాలర్లు రుద్దడానికి, గచ్చు కడగడానికి ఇంట్లోనే ఉంచుకుంటాను.